నీడ లేని చెట్లు

మన వృక్షశాస్త్ర ప్రయోగశాలలో, హెర్బేరియం బీరువా పక్కన, ఒక జపాను క్యాలెండరు వేలాడుతూ ఉంటుంది. దానిమీది తేదీలు ఎప్పుడో చెల్లిపోయినా తీసి పారెయ్యడానికి నాకు చేతులు రాలేదు. ఉద్యోగరీత్యా ఆ దేశం వెళ్ళిన మన పూర్వ విద్యార్థి ఒకరు దాన్ని అభిమానంతో పంపించారు. పన్నెండు నెలలకు పన్నెండు బొమ్మలు. అన్నీ కొయ్య అచ్చులతో అద్దిన పాత చిత్రాలకు నకళ్ళు. పన్నెండింటిలోనూ ఏదో ఒక చెట్టు ఉంది.

క్రిందటేడు ప్రాక్టికల్స్ జరుగుతుండగా ఒక విద్యార్థి మైక్రోస్కోపు వదిలిపెట్టి ఆ క్యాలెండరు ముందు నిలబడిపోయాడు. "సార్, గీ చెట్టుకు నీడేది?" అన్నాడు. తక్కినవాళ్ళు గొల్లుమన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పానగల్ పిల్లవాడు నీడ గురించి అడగడంలో వింతేముంది? ఛాయాసోమేశ్వరాలయంలో గర్భగుడి గోడమీద పొద్దంతా నిలిచే స్తంభపు నీడను చూడటానికి ఎక్కడెక్కడివాళ్ళో మన ఊరికి వస్తుంటారు. లేచి వెళ్ళి పన్నెండు కాగితాలూ తిప్పి చూశాను. నిజమే, ఒక్క చెట్టుకూ నేలమీద నీడ లేదు. ఇన్నేళ్ళు ఆ క్యాలెండరు పక్కనే నిలబడి పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ సంగతి నాకెన్నడూ తోచలేదు!

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నేను చదివినవీ, చూసినవీ, చివరకు నాకు కలిగిన ఒక బాధా ఈ సావనీరు పాఠకులతో చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా ఈ బొమ్మలు ఎలా తయారవుతాయో చూద్దాం. జపాను భాషలో వీటిని 'ఉకియో-ఎ' అంటారు. మనం చిత్రకారుడి పేరొక్కటే చెప్పుకుంటాం గానీ ఒక్కొక్క బొమ్మ వెనక నాలుగు రకాల మనుషుల శ్రమ ఉంటుంది. పెట్టుబడి పెట్టే ప్రచురణకర్త, బొమ్మ గీసే చిత్రకారుడు, పలక చెక్కే పనివాడు, రంగులు అద్దే పనివాడు. చిత్రకారుడు పలుచని కాగితం మీద నల్లసిరాతో గీసి ఇస్తాడు. చెక్కేవాడు ఆ కాగితాన్ని బోర్లించి పలకకు అంటించి, గీత ఉన్నచోట కొయ్యను వదిలేసి, లేనిచోటల్లా తొలిచేస్తాడు. చిత్రకారుడు గీసిన అసలు కాగితం ఆ పనిలోనే నాశనమైపోతుంది. పలక సాధారణంగా కొండచెర్రీ చెట్టుది. ఆ కొయ్య గట్టిది, పోగు సన్ననిది. అందుచేత వెంట్రుకంత గీత కూడా విరగకుండా నిలుస్తుంది. కాగితం మీద చెట్టు పూయాలంటే ముందు అడవిలో ఒక చెట్టు పడాల్సిందేనన్నమాట.

నల్లగీతల పలక అయ్యాక ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క పలక చెక్కుతారు. ఆ రంగులన్నీ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి కదా? అందుకోసం ప్రతి పలకకూ ఒక మూలన లంబకోణంలో ఒక గుర్తు, ఒక అంచున తిన్నగా మరో గుర్తు చెక్కి ఉంచుతారు. కాగితాన్ని ఆ రెండు గుర్తులకూ ఆనించి పరిస్తే ఎన్నిసార్లు అద్దినా రంగు గీత దాటదు. ప్రెస్సు లేదు, యంత్రం లేదు. వెదురు పొర చుట్టిన గుండ్రని బిళ్ళతో కాగితం వీపును రుద్దడమే. 1765లో హరునొబు అనే చిత్రకారుడి బొమ్మలతో ఇలా అనేక రంగుల్లో అద్దడం స్థిరపడింది. ఇవి రాజమందిరాల కోసం చేసినవి కావు. ఇప్పటి టోక్యోను అప్పుడు ఎడో అనేవారు. ఆ నగరంలో ఇంచుమించు ఒక పూట ఫలహారం ఖరీదుకు ఒక బొమ్మ దొరికేది. బజారుకు పోయిన చేతివృత్తివాడు కూడా ఒకటి కొనుక్కొని ఇంటికి తెచ్చుకునేవాడు.

ఇక నీడ సంగతి. ఈ పద్ధతిలో బొమ్మకు ప్రాణం గీత. గీత లోపల రంగు సమంగా పరుచుకుంటుంది. వెలుగు ఎటునుంచి వస్తోంది, పొద్దు ఎంతెక్కింది అనే లెక్కను ఐరోపా చిత్రకారుడు పెట్టుకున్నట్టు వీళ్ళు పెట్టుకోలేదు. పలకమీది రంగును తడితో పలుచబరిచి, ఆకాశం అంచున ముదురు నుంచి లేతకు జారిపోయేట్టు అద్ది, అది తెల్లవారో మునిమాపో మనకు తెలియజేస్తారు. అలాగని నీడ వెయ్యడం చేతకాక కాదు. హిరోషిగె అనే మహాచిత్రకారుడు 1856లో నాటకశాలల వీధిని వెన్నెల్లో చూపిస్తూ, నడిచే మనుషులందరి కాళ్ళ దగ్గరా నీడలు పెట్టాడు. కావాలనుకున్నప్పుడు పెట్టాడు, అక్కర్లేదనుకున్నప్పుడు మానేశాడు. గంటకొక దిక్కుకు తిరిగే నీడను వదిలేసి, చెట్టులో నిలకడగా ఉండేదాన్నే పట్టుకున్నారని నాకు తోచింది. ఆ విద్యార్థికి నేను చెప్పిన మొదటి జవాబు ఇదే.

నీడ లేకపోయినా చెట్టు మాత్రం ఫలానా చెట్టేనని గుర్తుపట్టవచ్చు. వృక్షశాస్త్రం చెప్పుకునేవాణ్ణి కనుక నాకు దీనిమీద మక్కువ ఎక్కువ. ఈ బొమ్మల్లో తరచుగా రెండు పూలచెట్లు కనిపిస్తాయి. ఒకటి ఉమె, ఇంగ్లీషువాళ్ళు ప్లమ్ అన్నది. రెండోది చెర్రీ. ఉమె పువ్వు కాడ లేనట్టుగా కొమ్మకు అతుక్కొని ఉంటుంది, దాని రేకు గుండ్రంగా ఉంటుంది. చెర్రీ పువ్వుకు పొడవాటి కాడ, రేకు కొసన చిన్న చీలిక. మనం పరీక్షలో రాసే లక్షణాలే ఇవి! హొకుసాయి గీసిన 'ఫుజి పర్వతపు 36 దృశ్యాలు' 1830 ప్రాంతంలో రావడం మొదలైంది. అందులో ఒక కనుమదారి బొమ్మ ఉంది. నడిమధ్యన బ్రహ్మాండమైన చెట్టు మొదలు. కొన కాగితంలో పట్టక పైకి పోయింది. ముగ్గురు బాటసారులు చేతులు చాచి ఆ మొదలును కౌగిలించుకొని దాని చుట్టుకొలత చూస్తున్నారు. మర్రిచెట్టు కనబడితే మన పిల్లలు చేసే పనే. వెనకాల ఫుజి పర్వతం ఉన్నా మన కన్ను ముందు ఆ చెట్టు దగ్గరికే పోతుంది.

ఇంకొక విశేషం. ఈ బొమ్మల్లోని చెట్లకు చాలాచోట్ల పేర్లున్నాయి. జాతి పేరు వేరు, ఆ ఒక్క చెట్టుకు ఊరివాళ్ళు పెట్టుకున్న పేరు వేరు. 1856 నుంచి 1858 వరకు హిరోషిగె 'ఎడో నగరపు నూరు ప్రసిద్ధ దృశ్యాలు' అని ఒక వరుస గీశాడు. అందులో 1857 నాటి కమెయిదో తోట బొమ్మ జగత్ప్రసిద్ధం. ఒక ఉమె కొమ్మ మన ముఖానికి అడ్డం వచ్చినంత దగ్గరగా ఉంటుంది. ఆ కొమ్మల సందుల్లోంచి, దూరాన, పూలు చూడటానికి వచ్చిన జనం చీమలంత కనబడతారు. ఆ చెట్టుకు 'పడుకున్న డ్రాగన్' అని పేరు. కొమ్మలు నేలకు వంగి, మట్టిలో వేళ్ళూని, మళ్ళీ పైకి లేచేవి. మన మర్రి ఊడలు దిగినట్టే అనుకోండి. 1887లో పారిస్‌లో ఉన్న వాన్ గో ఈ బొమ్మను చూసి మోజుపడి నూనెరంగుల్లో తిరిగి గీసుకున్నాడు. 1910లో వచ్చిన పెద్ద వరదకు ఆ తోట పాడైపోయింది. చెట్టు పోయింది, చెట్టు బొమ్మ మిగిలింది.

ఒమి ప్రాంతంలో సరస్సు ఒడ్డున కరసాకి పైన్ అనే మరో పేరుపడ్డ చెట్టు ఉండేది. రాత్రివానలో తడుస్తున్న ఆ చెట్టును హిరోషిగె చిత్రించాడు. అది 1921లో ఎండిపోతే, దాని వంశంలోని పిల్లచెట్టును ఇప్పటికీ అక్కడ కాపాడుకుంటున్నారు. అన్నింటికన్నా నన్ను కదిలించింది ఉయెనోలోని గుడి దగ్గరి 'చంద్రుని పైన్' కథ. దాని కొమ్మను తోటమాలులు పున్నమి చంద్రుడిలా గుండ్రంగా తిప్పి పెంచారు. హిరోషిగె ఆ వలయాన్ని దగ్గరినుంచి చూపిస్తూ ఒక బొమ్మ గీశాడు. 19వ శతాబ్దం చివరి భాగంలో తుపానుకు ఆ చెట్టు కూలిపోయింది. 2012లో అదే చోట మరో పైన్ చెట్టును తెచ్చి, కొమ్మను మళ్ళీ అలాగే గుండ్రంగా తిప్పి నిలబెట్టారు. 150 ఏళ్ళ కిందటి కొమ్మ ఎలా తిరిగేదో చూపడానికి హిరోషిగె బొమ్మ ఉంది మరి!

ఇదంతా చదువుతున్న కాలంలోనే, ప్రకృతి రంగులనిచ్చే మొక్కలు చూపిద్దామని విద్యార్థులను కృష్ణా జిల్లా పెడనకు తీసుకువెళ్ళాను. బందరు కలంకారీ అని మనం చెప్పుకునే అద్దకం పని అక్కడే. అక్కడా కొయ్య అచ్చులే, అయితే టేకువి. రూపురేఖకు ఒక అచ్చు, లోపల నింపే ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అచ్చు. బట్టను ముందు కరక్కాయ, బర్రెపాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఆరవేస్తారు. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనియ్యదు. తుప్పు ఇనుమును బెల్లపు నీళ్ళలో రోజుల తరబడి ఊరవేసి, ఆ ద్రవంతో అద్దితే, కరక్కాయలోని టానిన్‌తో కలిసి నల్లటి గీత పడుతుంది. పటిక అద్దినచోట, రంగుచెక్కలతో కాచినప్పుడు ఎరుపు పట్టుకుంటుంది. రసాయనశాస్త్రం విద్యార్థులు ఒక సంగతి గమనించాలి. హొకుసాయి, హిరోషిగెల బొమ్మల్లో ఆకాశాన్నీ నీళ్ళనూ నింపిన ఆ నీలం, ఐరోపాలో పుట్టిన ప్రష్యన్ నీలం. అదీ ఇనుము సమ్మేళనమే. అక్కడి నీటికీ ఇక్కడి నల్లగీతకూ ఇనుమే ఆధారం!

మన అద్దకాలకు జపానుతో చుట్టరికం కూడా ఉంది. డచ్చివాళ్ళు 1605లో మచిలీపట్నంలో వర్తకం పెట్టారు. 1641 నుంచి జపానులో నాగసాకి దగ్గరి దెజిమా దీవిలో ఉండి వ్యాపారం చేశారు. ఆ ఓడలమీద మన కోరమండల్ తీరపు అద్దకం బట్టలు జపాను చేరాయి. వాటిని అక్కడివారు 'సరస' అని పిలిచి, చిన్న పీలికనైనా పారెయ్యకుండా తేనీటి వేడుకల్లో వాడే పాత్రలకు సంచులుగా కుట్టుకున్నారు.

పెడనలో అచ్చుచెక్కే పెద్దాయన ముందు ఒక టేకు దిమ్మ ఉంది. దానిమీద జీవవృక్షం. అడుగున పొలుసుల్లాంటి చిన్న గుట్ట, అందులోంచి పాములా మెలికలు తిరుగుతూ లేచిన మొదలు, ఒకే కొమ్మకు నాలుగైదు రకాల పూలు. నా అలవాటు పోనిచ్చుకోక, "ఇది ఏ చెట్టండీ?" అని అడిగాను.

"ఏ చెట్టని చెప్పమంటారండీ? మా నాన్న చెక్కిందే నేనూ చెక్కుతున్నాను. కింద గుట్ట ఉండాలి, పైన పిట్ట ఉండాలి. పువ్వులు మన ఇష్టం," అన్నాడాయన, చేతిలోని ఉలి ఆపకుండానే.

ఆయన మాట సబబే. ఆ చెట్టు ఏ ఊళ్ళోనూ మొలవలేదు. మనుషుల కోరికలోంచి మొలిచింది. కరువు రాకూడదు, ఇల్లు పచ్చగా ఉండాలి, పిల్లాపాపలు కలగాలి అన్న ఆశకు అది రూపం. దాన్ని వరద ముంచలేదు, గొడ్డలి తాకలేదు. అందుకే ఇన్ని తరాలుగా అచ్చునుంచి అచ్చుకు నడుస్తోంది. దానికీ నీడ లేదన్నమాట నిజమే గానీ, ఆ నీడను ఎవరూ అడగరు.

తిరిగివచ్చాక ఒకనాడు హెర్బేరియం బీరువా తెరిచాను. నేను ఇక్కడే విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఎండబెట్టి అతికించిన చింతకొమ్మ ఒకటి అందులో ఉంది. టామరిండస్ ఇండికా. సేకరించిన చోటు: పానగల్. చేతిరాత నాదే. ఆకులు రాలి కాగితం అడుగున చేరాయి. ఆ కొమ్మ కోసిన చెట్టు మా ఊళ్ళో బడికి పోయే దారిలో ఉండేది. దానికింద గోలీలాడేవాళ్ళం గనుక పిల్లలందరం దాన్ని గోలీల చింత అనేవాళ్ళం. చిగురు కాలంలో మా అమ్మ చెంగు పట్టుకొని కింద నిలబడితే, మా అన్న పైకెక్కి దూసి పోసేవాడు. తరువాత రోడ్డు వెడల్పు చేసే పనిలో దారి పక్క చెట్లతో పాటు అదీ పోయింది. నేను ఆ వారం ఊళ్ళో లేను. వచ్చి చూస్తే కంకర పోసి ఉంది.

ఆ సాయంత్రం మా అన్నకు ఫోను చేసి, "అన్నా, మన చింతచెట్టు పెద్దకొమ్మ ఎటు వంగి ఉండెనే?" అని అడిగాను.

"చెరువు దిక్కుకు. నేను ఎక్కిన కొమ్మ నాకు తెల్వదా?" అన్నాడు.

నాకేమో అది బాట మీదికి వంగి ఉన్నట్టు గుర్తు. దానికింద ఎడ్లబండ్లు ఆగేవని గుర్తు. చాలాసేపు వాదులాడుకున్నాం. తేల్చి చెప్పేవాళ్ళు లేరు. ఫోటో లేదు, బొమ్మ లేదు. మొదలు ఎంత లావుండేదో, తొర్ర ఎంత ఎత్తున ఉండేదో మా ఇద్దరి లెక్కా కుదరలేదు. ఇంతకాలం వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి, నన్ను పెంచిన చెట్టు ఆకారం చెప్పలేకపోయాను. బీరువాలోని కాగితంలో చింతచెట్టు ఉంది, మా చింతచెట్టు లేదు.

అప్పుడు నాకు ఈ మూడు రకాల చెట్ల తేడా అర్థమైంది. హెర్బేరియం చెట్టు ఒక జాతికి సాక్ష్యం. శాస్త్రానికి అది అవసరం, దాన్ని నేను తక్కువ చెయ్యను. కలంకారీ చెట్టు ఒక కోరికకు సాక్ష్యం. జపాను అచ్చుబొమ్మలోని చెట్టు, ఫలానా చోట ఫలానా వంపుతో నిలబడ్డ ఒకానొక చెట్టుకు సాక్ష్యం. ఎవరో దాని ఎదుట నిలబడి దాన్ని చూశారు. పేరుపెట్టి పిలిచారు. నాలుగు చేతులు కలిసి ఆ వంపును వందల ఇళ్ళకు చేర్చాయి. అన్నిళ్ళలో ఉన్న చెట్టు పడిపోతే అన్నిళ్ళకూ తెలుస్తుంది.

పేరుకు ఎంత బలముందో మన దగ్గరే చూడవచ్చు. మహబూబ్‌నగర్ పక్కనున్న పిల్లలమర్రి సుమారు 700 ఏళ్ళనాటిదని చెబుతారు. ఇంచుమించు 3 ఎకరాల్లో ఊడలు దించింది. దానికి చెదలు పట్టి కొమ్మలు విరిగిపడితే, 2018లో మనుషులకు సెలైన్ ఎక్కించినట్టు సీసాలు కట్టి, కొమ్మల్లోకి చుక్కచుక్కగా మందు ఎక్కించారు. ఒరిగే కొమ్మలకు ఊతాలు కట్టారు. ఆ చెట్టు పేరు జిల్లాలో తెలియనివారు లేరు కాబట్టి దానికి వైద్యం జరిగింది. గోలీల చింత పేరు పదిమంది పిల్లలకు తప్ప ఎవరికీ తెలియదు. దానికి రంపం వచ్చింది. రోడ్లు వద్దని నేననను. ఆ రోడ్డుమీదే నేనూ రోజూ కాలేజీకి వస్తున్నాను. అయితే కొట్టే ముందు, ఇది ఫలానా చెట్టు అని చెప్పగలిగినవాళ్ళు నలుగురుంటే, రోడ్డు నాలుగు అడుగులు పక్కకు జరిగేదేమో అనిపిస్తుంది.

అందుకని విద్యార్థి మిత్రులకు నాదొక మనవి. మీలో ప్రతి ఒక్కరూ మీ ఊళ్ళో ఒక చెట్టును ఎన్నుకోండి. పెద్దవాళ్ళను అడిగి దానికి పేరుంటే రాసుకోండి, లేకపోతే మీరే పెట్టండి. మొదలు చుట్టుకొలత తీసుకోండి. దాని బొమ్మ గీయండి. బొమ్మ రాదని సాకు చెప్పవద్దు. చిన్నప్పుడు బెండకాయ ముక్కను సిరాలో ముంచి అచ్చులు వేసినవాళ్ళే మీరందరూ! వచ్చే సావనీరులో ప్రకటనల పేజీలు రెండు తగ్గినా సరే, ఆ బొమ్మలు వెయ్యమని సంపాదకవర్గానికీ, మన యూనియన్ మిత్రులకూ సిఫారసు చేస్తాను.

ఈ వ్యాసం ముగిస్తుండగా, నీడేదని అడిగిన ఆ విద్యార్థే నా గదికి వచ్చాడు. పాత హవాయి చెప్పు అడుగును బ్లేడుతో చెక్కి, స్టాంపుప్యాడ్ సిరాతో తెల్లకాగితం మీద అద్ది తెచ్చాడు. మన క్యాంటీన్ ముందరి వేపచెట్టు. గీతలు అక్కడక్కడా తెగినా, పిడుగు పడి ఎండిన ఆ ఎడమవైపు కొమ్మను చూడగానే గుర్తుపట్టాను. చెట్టు కింద నేలంతా అడ్డంగా దట్టమైన గీతలున్నాయి. ఇవేమిటని అడిగాను.

"నీడ సార్," అన్నాడు. "పగటి బువ్వకు మేమందరం గాడనే కూసుంటం. గది లేకుంటే గా చెట్టెట్లయితది?"

ఆ కాగితాన్ని క్యాలెండరు పక్కనే గోడకు అంటించాను.